అత్త బస్సు అద్దం మీద గీసిన రెండు బొమ్మలు

"ఎదురింటి వదిన పోయిందటే" అని అమ్మ వచ్చి చెప్పినప్పుడు నేను స్కూలు షూ లేసు కట్టుకుంటున్నాను. గుండెపోటట. నాకు ఏడుపు రాలేదు. చేతులు వణికాయి. అమ్మకి కనిపించకుండా బ్యాగు కింద పెట్టుకున్నాను.

అమ్మ వదిన అని పిలిచే ఆవిడ నాకు అత్త. విజయనగరంలో ఒక కాలేజీలో సైకాలజీ చెప్పేది. గజపతినగరం నుంచి ఆమె కాలేజీకి, నేను స్కూలుకి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. వీధిలో అందరూ మనసు డాక్టరమ్మ అంటే ఒప్పుకునేది కాదు. "నాను డాక్టర్ని కాదర్రా. ప్రశ్నలడిగి భయం ఎంతున్నాదో కొలిసేదాన్ని" అనేది.

అందుకే ఒకరోజు ఆమెనే అడిగాను. నా ఫ్రెండ్‌కి నిద్ర పట్టదు, అన్నం దిగదు, క్లాసులో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. నెట్‌లో వెతికితే ఒక జబ్బు పేరు వచ్చింది. దాని లోపల ఆ జబ్బు ఉన్నట్టేనా?

అత్త నా మొహం చూడలేదు. "నీ ఫ్రెండు పొద్దున్న ఏటి తిన్నాది?" అంది.

"ఏమీ తినలేదు."

అప్పుడే బస్సు ఆగింది. ముందు సాలూరు లారీలు వరసగా నిలబడిపోయి ఉన్నాయి.

"ఇవెందుకు ఆగినాయో సెప్పు" అంది అత్త.

"బంద్ ఏమో."

"అవ్వొచ్చు. బందంటే ఒకటే కారణం, అన్నింటినీ అదే ఆపీసింది. లేదంటే, ముందుదాని టైరు పేలింది. దానివల్ల ఎనకది ఆగింది, దానివల్ల దాని ఎనకది. ఇక్కడ కూకుని సూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి."

అద్దం మీద మంచు పట్టి ఉంది. వేలితో పైన ఒక పెద్ద సున్నా, దాని నుంచి కిందికి బాణాలు, బాణాల చివర చిన్న సున్నాలు గీసింది. "లోపల ఒక జబ్బున్నాది, నిద్ర పట్టకపోడం, దడ, వణుకు అన్నీ దాని పిల్లలు అంటారు కొందరు." పక్కనే ఇంకో బొమ్మ గీసింది. అందులో పెద్ద సున్నా లేదు. చిన్నవే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "నిద్ర లేక దడ, దడకి అన్నం దిగదు, తినక వణుకు, వణుకు సూసి మళ్ళీ భయం. లోపలెవరూ లేరు, ఇవే ఒకదాన్నొకటి లాగతన్నాయి అంటారు ఇంకొందరు."

"ఏది కరెక్టు?"

"నిద్ర పడతాదా, దడొస్తాదా అని అడిగితే వచ్చిన అవే జవాబులు రెండు బొమ్మలకీ సరిపోతాయే. అదే నా తలనొప్పి."

"అంటే నీకూ తెలీదా అత్తా?"

"తెలీదు. తెలీదని సెప్పడానికే ఇన్నేళ్ళు సదివినాను."

నాకు కోపం వచ్చింది. ఆ పేరు చదివిన రోజు నుంచి నా లోపల ఎవరో కూర్చుని ఉన్నట్టే ఉండేది. ఉన్నారో లేరో చెప్పమంటే రెండు బొమ్మలు గీస్తుందేమిటి? ఆమె మాత్రం పొందూరు ఖద్దరు చీర కొంగుతో అద్దం తుడిచేసి, లారీలు కదిలాయా లేదా అని చూసింది.

మర్నాటి నుంచి రోజూ అడిగేది. "నీ ఫ్రెండు పడుకున్నాదేటే?" ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం తీసి, "ఇవి నీ ఫ్రెండుకి. ఆవిడ ఇక్కడ లేదు గాబట్టి నువ్వు తినీ" అనేది. ఆ ఫ్రెండ్ ఎవరో ఆమెకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, "వాళ్ళమ్మకి సెప్పమనే. వచ్చే ఏడు రిటైరైపోతే ఈ బస్సులో నానుండను గదా" అంది.

ఆ ఏడు రానేలేదు.

పెద్దకర్మ సాలూరులో, వాళ్ళ సొంతూళ్ళో చేశారు. అమ్మా నేనూ బస్సెక్కాం. అత్త పోయాక నాకు నిద్ర మరీ దూరమైంది. ఇది ఏ బొమ్మో అడగడానికి మనిషి లేదు. రామభద్రపురం దాటాక బస్సు ఆగింది. ముందంతా లారీలే.

"ఏటే, సేతులలా వణికిపోతన్నాయి?" అంది అమ్మ.

నా ఫ్రెండ్ అనబోయి ఆగాను.

"నిద్ర పట్టట్లేదమ్మా."

"ఎప్పట్నించే?"

"చాలా రోజుల నుంచి."

అమ్మ నా రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుంది. మాకు కనిపించనంత ముందు ఎక్కడో ఒక లారీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. కాసేపటికి దాని వెనకది. మా ముందున్నది ఇంకా కదలలేదు.