వంటింటి గోడకు బొట్టు

బెజవాడలో మేం కొన్న ఫ్లాట్‌లో వంటింటి గోడకు తెల్లటి రాతి టైల్స్ వేయించాం. "రాయి నూనె పీల్చేస్తుందమ్మా. రేపు సీలర్ పూసేదాకా ఇక్కడేం పెట్టకండి" అన్నారు మస్తాన్ మేస్త్రి. నేను ఆగితేగా! ఆ సాయంత్రమే అక్కడ ఆవకాయ జాడీ మూత లాగాను. ఎర్రనూనె చుక్క ఎగిరి గోడ నడిమధ్యన పడింది. తుడిచినకొద్దీ పెద్దదైంది. తెల్లారితే పామర్రు నుంచి అత్తగారొస్తున్నారు! గబగబా దానిచుట్టూ పసుపు రాసి, కుంకుమ అద్దాను.

"గోడకు కూడా బొట్టు పెట్టావా అమ్మాయ్! బంగారుతల్లివే" అని అత్తగారు మురిసిపోయారు.

మేస్త్రి వంగి వాసన చూశారు. నా మొహమూ చూశారు. "దీనిమీద కూడా సీలర్ పూసెయ్యమంటారా?" అన్నారు నవ్వాపుకుంటూ.

"చెరిపారంటే ఊరుకోనండీ!" అన్నారు అత్తగారు.

నాలుగేళ్లయింది. వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ ఆవకాయ మరకకు అగరొత్తులు తిప్పుతారు. పక్కనే నిలబడి నేను లెంపలేసుకుంటాను.