వదులు దారం

మా నాయనకు సిగ్గెక్కువ. ఆ సిగ్గే ఆయన్ను తినేసింది అంటాను నేను, ఎవరేమనుకున్నా సరే. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, పలక మీద పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవని పని. అట్లాంటి మనిషికి కూర్చునే చోటే పుండు లేచింది. చాలా ఏళ్లు దాన్ని మొలలు అనుకున్నాడు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పంచె లోపల పాతగుడ్డ మడతపెట్టి కట్టుకునేవాడు. తానే ఉతుక్కుని, పెరటిగోడ వెనక ఆరేసుకునేవాడు. బతికున్నప్పుడు మా అమ్మకైనా ఆ సంగతి తెలుసో లేదో మరి.

నాకు తెలిసింది హిందూపురంలో కాపురం వదులుకుని పుట్టింటికి వచ్చాక. కట్టుకున్నవాడు తాగి కొట్టేవాడు, నేను పడలేదు, వచ్చేశాను. అందులో దాచేదేమీ లేదు. ఎందుకొచ్చావని నాయన ఒక్క మాట అడగలేదు. కండెలు చుట్టే రాట్నం నా ముందుకు జరిపి, తాను మగ్గంలోకి దిగాడు. గోడ వెనక ఆ గుడ్డలు చూసింది ఆ వారంలోనే. చీము మరకలు ఎంత ఉతికినా పోవు.

అడిగితే కసిరాడు. నేనూ ఆయన కూతుర్నే కదా, ఊరుకుంటానా? నువ్వు ఆసుపత్రికి వచ్చేదాకా పొయ్యి వెలిగించనన్నాను. ఒక పూట చూశాడు, రెండో పూటకు మెత్తబడి నోరు విప్పాడు. అంతకుముందే ఒకసారి పెనుకొండలో ఒక నాటువైద్యుడి దగ్గర చూపించుకున్నాడట.

ఆ వైద్యుడు మందు పూసిన దారాన్ని పుండు దారిలోంచి అవతలికి లాగి ముడేస్తాడు. వారం వారం పోతే కొత్తది మార్చి బిగిస్తాడు. బిగిసిన దారం కండను కొద్దికొద్దిగా కోసుకుంటూ బయటికొస్తుంటే, దాని వెనకాలే పుండు మానుకుంటూ వస్తుంది. పెళ్లిళ్ల కాలంలో అన్నిసార్లు పెనుకొండకు రాలేనని నాయన అంటే, వదులైనప్పుడు నువ్వే బిగించుకో, నేతగానికి ముడి నేర్పాల్నా అన్నాడట. నాయన అట్లాగే చేశాడు, ఆ పుండు మానింది కూడా. ఇప్పుడు కారుతున్నది దాని పక్కన లేచిన మరొకటి.

హిందూపురంలో ఈ జబ్బులు చూసే డాక్టరున్నాడంటే బయల్దేరదీశాను. ఆ ఊరి బస్టాండులో మా అత్తింటివాళ్లు ఎవరు ఎదురొస్తారో అని సీట్లోనే కూర్చుండిపోయాను. నాయన ముందు దిగి నాలుగు దిక్కులా చూసి వచ్చాడు.

"దిగుమ్మా. మనకు తెలిసినోల్లు ఎవురూ లేరు" అన్నాడు.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. స్కానింగు చూసి, దీన్ని ఫిస్టులా అంటారు, లోతుగా పోయింది, మలాన్ని ఆపే కండరం మీదుగా పోయింది అని బొమ్మ గీసి చూపించాడు. దీన్ని కోస్తే ఆ కండరం తెగుతుంది, కాబట్టి కొయ్యను, ప్లగ్గు పెడతాను అన్నాడు. దీపం వత్తిలాగా ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా ఉంటుందట. పుండు దారిలోకి దాన్ని దూర్చి లోపలివైపు కుట్టేస్తే, కొన్నాళ్లకు మన కండే దాంట్లోకి అల్లుకుని దారి మూసుకుపోతుందట, ప్లగ్గు కరిగిపోతుందట. నాయన తల వంచుకుని అంతా విన్నాడు. మగ్గంలో కూర్చోవచ్చునా అని ఒక్కటే అడిగాడు. నిక్షేపంగా అన్నాడు డాక్టరు.

తిరుగు ప్రయాణంలో ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో పెళ్లిచీర మగ్గం మీదుంటే తలస్నానం చెయ్యకుండా దాన్ని ముట్టరు. నెలకు మూడు రోజులు నన్ను రాట్నం దగ్గరికి కూడా రానివ్వరు, దాని మీద నాకెంత మంటో చెప్పలేను. అంత మడి పట్టే మనిషి, ఇన్నేళ్లూ చీము కారే ఒంటితో పెళ్లిచీరలు నేశానని లోపల్లోపల కుళ్లిపోతున్నాడని ఆ బస్సులోనే తెలిసింది నాకు.

"ఇది మానితే చాలుమ్మా. శుద్ధమైన ఒంటితో ఒక్క పెండ్లిచీరన్నా నెయ్యాల నేను" అన్నాడు.

అయితే ప్లగ్గు వెంటనే పెట్టరు. ముందు లోపలి చీము అంతా కారిపోవాలి. అందుకని డాక్టరు ఆ దారిలోంచి ఒక దారం ఎక్కించి, వదులుగా ముడేసి పంపాడు. నెలాపదిహేను రోజులు దాన్ని అట్లాగే వదిలెయ్యండి, శుభ్రంగా కడుక్కోండి, ఈలోగా ప్లగ్గు బెంగళూరు నుంచి తెప్పిస్తాను అన్నాడు. పెనుకొండ వైద్యం సంగతి నేను చెప్పాను, ఆయన రాసుకున్నాడు. నాయన ముడులు తానే బిగించుకునేవాడని చెప్పాలని నాకూ తోచలేదు, అడగాలని ఆయనకూ తోచలేదు.

పుండు నన్ను చూడనివ్వలేదు నాయన. కన్నకూతురు చూసే చోటా అది అన్నాడు. కడుక్కోవడానికి నీళ్లు కాచి బచ్చలింట్లో పెట్టి, తలుపు బయట నిలబడేదాన్ని. లోపల పళ్లు బిగబట్టిన మూలుగు వినబడేది. రానురాను ఎక్కువైంది. గోడ పట్టుకుని నడిచేవాడు. పోయి చూపిద్దాం పద అంటే గమ్మునుండమనేవాడు, మానేముందు నొప్పి ఇట్లాగే ఉంటుంది, పెనుకొండలోనూ ఇంతే అనేవాడు. ఆయన ముఖంలో కష్టం కన్నా నమ్మకమే ఎక్కువ కనబడేది. దాన్ని చూసి నేనూ నమ్మాను.

ప్లగ్గు వచ్చిందని ఫోను వస్తే పోయాం. ఆపరేషను గదిలోకి తీసుకుపోయినవాళ్లు కాసేపటికే నన్ను లోపలికి పిలిచారు. నాయన పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, దుప్పటి కప్పారు. డాక్టరు చేతికి తొడుగులు అట్లాగే ఉన్నాయి. దారం ఎవరు బిగించారని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయనే జవాబిచ్చాడు.

"నేనే సార్. వదులుగా ఉండాది. మీకు పనెక్కువ గదా, మర్చిపోయినారనుకొన్నా. దినామూ రవ్వంత బిగిస్తా వచ్చినా. అది పట్టుదారం సార్, జారిపోతాది, ఒక ముడి చాలదు."

దోషం చేసినవాడి గొంతు కాదది. డాక్టరు చెయ్యాల్సిన పనిలో తానింత సాయం చేశానని చెప్పుకునే గొంతు. డాక్టరు ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా చెప్పాడు. ఆ దారం కొయ్యడానికి కాదట, చీము కారడానికి మాత్రమేనట. వదులుగా ఉండటమే దాని పనట. బిగించేసరికి కండరాన్ని కోసుకుంటూ వచ్చేసిందట. ఇంక ప్లగ్గు పెట్టడానికి దారే లేదు, అంతా తెరుచుకుపోయింది అన్నాడు. బల్ల మీద ప్లగ్గు పెట్టె సీలు కూడా తియ్యకుండా ఉంది.

నాయనది తప్పంటారు ఇది విన్నవాళ్లు. నాకు ఒళ్లు మండుతుంది. మగ్గం మీద ఒక్క పోగు వదులైతే చీర పొడుగునా మచ్చ పడుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి వదులు పోగు కనబడితే బిగించడమే పని ఆయనకు, చూడకుండా చేత్తో తడిమి ముడేస్తాడు. అట్లాంటివాడి ఒంట్లోకి పట్టుదారం వదులుగా ఎక్కించి, వదిలెయ్యమంటే సరిపోతుందా? బిగిస్తే కండరం తెగుతుంది అని ఒక్క మాట చెప్పి ఉంటే ప్రాణం పోయినా ముట్టేవాడు కాదు. ఆ మాటే నేను డాక్టరు ముఖాన అనేశాను. చెప్పి ఉండాల్సిందన్నాడు ఆయన. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

తెగిన కండరాన్ని మళ్లీ కుట్టారు. సగమే అతుక్కుంది. చీము ఆగిపోయింది, పుండు మానింది. కానీ మలం ఆయన చేతిలో లేదు. దగ్గినా, తుమ్మినా, గబుక్కున లేచినా అంతే. గుడ్డ కట్టుకోవడం తప్పలేదు. పెళ్లిళ్లకు పోడు, పక్కింటి అరుగు మీద కూర్చోడు. సగం నేసిన చీర మగ్గం మీదుంటే వేరే మనిషిని పిలిచి పూర్తి చేయించాడు. స్నానం చేసి కూర్చో, ఎవరు చూడొచ్చారు అని నేను అరిచాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మైల ఒంటితో ముట్టనన్నాడు, ముట్టలేదు.

మొన్నొక మధ్యాహ్నం నేను కండెలు చుడుతుంటే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను నేసిన చీరలు కట్టుకొన్న పిల్లోల్లంతా బాగుండారంటావా?" అన్నాడు.

బాగున్నారు, ఎందుకు బాగుండరు అన్నాను.

"నీ పెండ్లిచీర గూడ ఆ ఒంటితోనే నేసినామ్మా."

రాట్నం ఆపేశాను. ఎన్నడూ చెప్పనివన్నీ ఆరోజు చెప్పాను. వాడు ఏ రోజు ఎట్లా కొట్టిందీ, వాళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి ఎట్లా చూసిందీ, అన్నీ. వాడు తాగుబోతు నాయనా, చీరేం చేస్తుంది అని అరిచాను. ఆయన తలూపుతూ అంతా విన్నాడు. చిన్నపిల్ల చెప్పే సాకు విన్నట్టు విన్నాడు.

"నీకింకా వయసుండాది. మళ్లా పెండ్లి చేసుకొంటే చీర అంగట్లో కొందాం. నేను కొనిస్తా" అన్నాడు.

మా ఇంట్లో ఆడపిల్లకు పెళ్లిచీర అంగట్లో కొన్నవాళ్లు లేరు. ఆ మాట ఆయనకూ తెలుసు.