మావయ్య పెట్టిన వంతు

మా పెద్దమావయ్య పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను నరసన్నపేట బజారులో చేపలు అమ్ముతున్నాను. తట్ట అక్కడే వదిలేసి కళింగపట్నం ఆటో ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

ఆయన మా అమ్మ తోడబుట్టినవాడు, మా జాలరిపేటకు పెద్ద. "ఒసే, టీ తాగినావేటే?" అని అడిగినా తిట్టినట్టే ఉండేది.

కరోనా రోజుల్లో ఒడ్డున గుంపు కూడకూడదన్నారు. మావయ్య తెప్పలకు వంతులు పెట్టాడు. సగం తెప్పలు ఇవాళ వేటకు పోతే మిగతా సగం రేపు. పడిన చేప అన్ని ఇళ్ళకీ పంచాలి. తలగుడ్డ విప్పి మూతికి కట్టుకుని ఒడ్డునే కాపలా కూర్చునేవాడు. "ఈ రోగం నా సుట్ట కూడా మానిపించేసింది గదే!" అని వాపోయేవాడు. గుడ్డ పక్కకు జరిపి రెండు దమ్ములు లాగడం నేను చూడలేదనుకున్నాడు, పాపం.

రోగం తగ్గినా వంతులు తీయనివ్వలేదు. అప్పటికే చేప తగ్గిపోయి, ఏటికేడు ఇంకా దూరం పోవలసి వస్తోంది. ఆయన కొడుకు, అంటే మా బావ, అందరి ముందూ ఎదురు తిరిగాడు.

"రోగం పోనాది గదా అయ్యా! ఇంకా ఈ వంతులేటి?"

"అప్పుడు సావు ఎదురుగా కనబడింది, బయపడి ఆగినాం. ఇది నెమ్మదిగా వస్తన్నాది, అందుకే నీకు బయం నేదు. సముద్రంలో సేప నేకపోతే నీ పిల్లలు ఏటి తింటారో సెప్పు!"

ఆ తర్వాత చాలాకాలం తండ్రీకొడుకులకు సరిగ్గా మాటల్లేవు. అయినా బావ వంతు దాటలేదు, ముసలాయన ఒడ్డున ఉన్నాడు కాబట్టి. వంతుల వల్ల చేప పెరిగిందా అంటే నేను చెప్పలేను. నా తట్టలోకి మాత్రం అప్పుడప్పుడు పెద్ద చేపలు వస్తున్నాయి. ఆయన పోయాక ఇక వీళ్ళనెవరు ఆపుతారన్నదే నా బెంగ.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒడ్డుకు దగ్గర్లోనే కానాగంత చేపల గుంపు వచ్చింది. పైన పక్షులు ఒకటే గోల. ఆరోజు బావ వంతు కాదు.

"ఇప్పుడు అడిగేవోడెవడు? దింపేద్దాం రా!" అంటూ జట్టువాళ్ళు తెప్పను అలల దాకా తోసేశారు. బావ నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను.

తెప్ప అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా చేపలు మెరుస్తున్నాయి. కాసేపటికి మొహం తుడుచుకుని, "మనది రేపు గదరా. పైకి లాగండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఒక్కడే లాగడం మొదలుపెట్టాడు. నేను చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగాను.