ఆముదం తాగిన బెల్టు

ఆ రోజుల్లో గుంటూరు పక్కన మా ఊళ్లో కారం లేని ఇల్లు లేదుగానీ, కారున్న ఇల్లు ఒక్కటే, మా మేనమామది. పత్తి జిన్నింగు మిల్లు నడిపే ఆయన కొత్తగా వచ్చిన చిన్న కారు కొని, సీట్ల మీది ప్లాస్టిక్ తొడుగులైనా తియ్యకుండా నాలుగైదేళ్లు తిప్పాడు (ఎండాకాలంలో మేం దిగినా మా చర్మం దిగేది కాదు). నాకు ఉద్యోగమొచ్చిన ఏడాది పొదిలి నుంచి ఒక మాస్టారి అమ్మాయి సంబంధం వచ్చింది. ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. మావయ్య మాత్రం మేం కారులో వస్తున్నామని మాస్టారికి ముందుగా కబురంపాడు.

పెళ్లిచూపులకి బయల్దేరే ముందు కారు చూపిస్తే, మెకానిక్కు ఇంజను పక్క మూత తీసి, టైమింగు బెల్టు ఎండి పగుళ్లిచ్చింది, తెగితే లోపల వాల్వులు వంగిపోతాయి, మార్చాల్సిందే అన్నాడు. ఖరీదు విని మావయ్య దాన్ని మనసులోనే మిరపకాయల్లోకి మార్చుకున్నాడు. రెండు బస్తాలు.

"తెగని బెల్టుకి డబ్బులేవిట్రా? మిల్లులో తోలు బెల్టు ఎండితే ఏం చేస్తాం? ఆముదం పట్టిస్తాం. తెగితే కుట్టుకుంటాం."

రబ్బరుకి ఆముదం పడదని మెకానిక్కు మొత్తుకున్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ మా ఇళ్లలో మేనమామ ముందు మేనల్లుడు నోరు తెరిచేది ఆయన లడ్డూ పెట్టినప్పుడే. బెల్టుకి ఆముదం పట్టించారు.

ఒంగోలు దాటాక కారు ఠప్పుమని ఒక్క మాట అనేసి మౌనం పట్టింది. గుంటూరులో మిర్చి దించి తిరిగొస్తున్న లారీవాడు జాలిపడి మమ్మల్ని ఖాళీ గోతాల మీద ఎక్కించుకున్నాడు. అలా కారులో బయల్దేరి కారంలో దిగాం. కళ్లు ఎర్రగా, ముక్కు ధారగా, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నమస్కారం పెట్టాను. కారేదని మాస్టారు అడగలేదు, పెద్దమనిషి. మావయ్యే బెల్టు కథంతా, తప్పు మెకానిక్కుదన్నట్టు, చెప్పుకొచ్చాడు. కాఫీ ఇస్తూ అమ్మాయి నన్నే అడిగింది.

"పగిలిందని మెకానిక్కు ముందే చెప్పాడాండీ?"

తలూపాను.

"మరి మీరేమన్నారు?"

నేను మావయ్య వైపు చూశాను. జవాబు అక్కడే దొరికినట్టుంది ఆ పిల్లకి.

వారం తిరక్కుండా మాస్టారి కబురొచ్చింది. "అబ్బాయి మంచివాడేనండి. మా అమ్మాయే, మావయ్యగారిని చేసుకోలేనంటోంది."

ఇంజను పనికి మావయ్యకి పాతిక బస్తాలయ్యాయి. ఆ నష్టం ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పుకున్నాడు. నాది ఎవరూ లెక్కకట్టలేదు. గోతాల మీద కూచున్న ఆ కుర్రాడు ఇప్పటికీ గుర్తొస్తుంటాడు. ఒక్క తుమ్మూ ఆపుకోలేకపోయాడుగానీ, నోటిదాకా వచ్చిన మాటని మాత్రం గుంటూరు నుంచి పొదిలిదాకా భేషుగ్గా ఆపుకున్నాడు.