పడింది ఇద్దరు

1976. పాతబస్తీలోని ఒక సిటీ బస్సు డిపోలో నేను ఎంక్వైరీ క్లర్కుని. ప్రమాదం జరిగితే చూసినవాళ్లను పిలిపించి స్టేట్‌మెంట్, అంటే వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం నా పని. మాది గుంటూరు వైపు, కాపురం సైదాబాదులో. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేవాణ్ణి. ఆ ఏడు మానేశాను. యెరికో దగ్గర యేసు చూపునిచ్చింది ఒక గుడ్డివాడికని మార్కు, ఇద్దరికని మత్తయి రాశారు. నేనెప్పుడూ ఒక్కడి కథే చెప్పి గట్టెక్కేవాణ్ణి. ఒక పాప రెండు పేజీలూ తెరిచి చూపించి "ఏది నిజం సార్?" అంది. పాఠం అక్కడితో ఆపేశాను. నాకే నమ్మకం సడలింది.

అప్పుడే డ్రైవర్ శంకరయ్య కేసు వచ్చింది. ఛత్రినాక స్టాపులో దిగుతూ ఒక ముసలాయన పడ్డాడు, తుంటి విరిగింది. తను దిగకముందే బస్సు కదిలించాడని ఆయన ఫిర్యాదు. శంకరయ్య సస్పెండయ్యాడు, అంటే విచారణ తేలేదాకా డ్యూటీ లేదు.

"బండి నిలబెట్టే ఉంచిన సార్. నౌకరి పోతే పిల్లలకేం పెట్టాలె?" అని నా బల్ల ముందు ఏడ్చాడు.

బస్సు ఆగే ఉందని, ఒక్కరే పడ్డారని కండక్టర్ చెప్పాడు. తోటి ఉద్యోగి మాట ఎవరు నమ్ముతారు? బయటి సాక్షి, ఆ బస్సులోనే వస్తున్న కూరగాయలమ్మే నర్సమ్మ ఒక్కతే. ఆమె కూడా బస్సు ఆగే ఉందంది, కానీ పడింది ఇద్దరంది.  మాటలు కలవకపోతే మా ఆఫీసరు రెండు స్టేట్‌మెంట్లూ అవతల పారేస్తాడు. పెద్ద తెలివైనవాణ్ణి కదా, శంకరయ్య మీద జాలితో ఆమె కాగితంలోనూ 'ఒకరు' అని రాసేశాను.

వేలిముద్ర వేయించుకునే ముందు రాసింది చదివి వినిపించాలని రూలు. వినిపించాను. నర్సమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను గట్ల జెప్పలే సారూ. ఇద్దరు పడ్డరన్న."

"కండక్టర్ ఒక్కరే అన్నాడమ్మా."

"ఆయన ముందట టికెట్లు కొడుతుండె. నేను ఎనక డోర్ కాడ గంప పెట్టుకొని కూసున్న. నాకంటె ఆయనకు మస్తు కనబడ్డదా?"

"మరి ఆ రెండోవాడెవరు?" నిజానికి ఇది నేను మొదటే అడగాల్సిన ప్రశ్న.

"ఎవడో పోరడు. ఉరికొచ్చి రాడ్ పట్టుకొని ఎక్కబోయిండు, దిగే ముసలాయనను గుద్దిండు. ఇద్దరు కింద పడ్డరు. ఆడు లేచి పారిపోయిండు."

ఆ కాగితం చింపేసి మళ్లీ రాశాను. ఆఫీసరు ముసలాయన్ను ఇంకోసారి అడిగితే, "ఎవరో తగిలినట్లే ఉండె. బండి కుదుపే అనుకున్న" అన్నాడు. కండక్టర్ తల తిప్పేసరికి నేల మీద మిగిలింది ఒక్కరే. ఎవరూ అబద్ధమాడలేదు. శంకరయ్య డ్యూటీలో చేరాడు.

నాకు మాత్రం వారం రోజులు ఆ చింపేసిన కాగితమే గుర్తుకొచ్చింది. నర్సమ్మ నోరులేని మనిషైతే ఆ పోరడి సంగతి బయటికొచ్చేది కాదు, ముసలాయన ఫిర్యాదే నిలిచేది; సాయం చేస్తున్నాననుకుంటూ ఒక కుటుంబాన్ని రోడ్డు మీద పడేసేవాణ్ణి.

తర్వాతి ఆదివారం చర్చికి వెళ్లి, పిల్లల చేత రెండు సువార్తలూ పైకి చదివించాను. "ఎందుకు తేడా సార్?" అని ఆ పాపే మళ్లీ అడిగింది.

"మార్కు బర్తిమయి అని పేరు కూడా రాశాడు. మత్తయి పేరు చెప్పలేదు, ఇద్దరన్నాడు. ఎందుకో నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆ కేసు నాకు నేర్పింది ఇదే. రెండు మాటలు కలవనప్పుడు కలిపేయాలని చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు కలం పక్కన పెట్టి ఇంకో ప్రశ్న అడగాలి. జవాబు దొరుకుతుందన్న హామీ లేదు. ఆ పాపకు నా మాట తృప్తినివ్వలేదు, నాకూ ఇవ్వలేదు. అయినా మరుసటి ఆదివారం ఇద్దరం మళ్లీ చర్చికి వెళ్లాం.