గిట్టలో రాయి

పొద్దున్నే ఒక్కో గుర్రం కాలినీ మోకాళ్ల మధ్య పట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న రాళ్లను బొటనవేలితో తీయడం ముసలి విగ్బల్డ్‌కు ముప్పయ్యేళ్ల అలవాటు. ఆ సాక్సన్ పల్లెలో దొర పోతే ఆయన ఎక్కే గుర్రాన్నీ చంపి పక్కనే పూడుస్తారు. దొర పోయిన రోజున విగ్బల్డ్ ఆయన నల్లగుర్రం గిట్టలో తనే ఒక రాయి దోపాడు. అది కుంటుతూ బయటికి వచ్చింది.

“ఒరే ముసలోడా, దీన్నెక్కి నాన్న పరలోకానికి ఎప్పటికి చేరతాడ్రా?” అన్నాడు దొర కొడుకు.

“చేరరు దొరా. నాలాగే దారిలో కూలబడతారు.”

అందరూ నవ్వారు. పక్కనున్న బూడిదరంగు గుర్రాన్ని తోలుకుపోయారు. దాన్నీ పెంచింది విగ్బల్డే.

మర్నాడు పొద్దున అతను నల్లగుర్రం గిట్టలోంచి రాయి తీశాడు. తర్వాత పక్కనున్న ఖాళీ కొట్టంలోకి వెళ్లి, అలవాటుగా నడుం వంచాడు.