పచ్చచుక్కల వెనక ఖాళీలు

విద్యాశాఖ కార్యాలయంలో ఆవిడను అందరూ లెక్కలక్క అనేవారు. టైపిస్టుగా చేరి ఇరవై రెండేళ్లయింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, అధికారులు ఎందరో మారారు. కిటికీ పక్క కుర్చీలో ఆవిడ మాత్రం అలాగే ఉంది. పట్టణంలోని నూట పదహారు బడుల నుంచి నెలనెలా కాగితాలు వచ్చేవి. ఎందరు పిల్లలకు దెబ్బలు తగిలాయి, కొట్లాటలు ఎన్ని జరిగాయి, ఏ మెట్ల రెయిలింగు ఊడింది, అన్నీ చూసి కంప్యూటర్లో ఎక్కించడం ఆవిడ పని.

ఆ ఏడాది ఆ అంకెలన్నీ జనం కూడా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టారు. డ్యాష్‌బోర్డు అన్నారు. మ్యాపు మీద ఒక్కో బడికి ఒక్కో చుక్క. ప్రమాదాలు తక్కువైతే పచ్చ, కాస్త ఎక్కువైతే పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు.

ఒక సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, పాపని మీ ఇంటి వెనక బడిలో వేద్దామనుకున్నాం కదా. ఫోన్లో చూస్తే ఎర్రగా ఉంది, నా గుండె జారిపోయింది. కాలవ అవతల బడి పచ్చగా ఉందే. అక్కడే వేస్తాం."

"ఆ బడి నుంచి ఏడు నెలలుగా ఒక్క కాగితం కూడా రాలేదే."

"రాకపోతే?"

"రాకపోతే కంప్యూటరు సున్నా అనుకుంటుంది. సున్నా అయితే పచ్చ."

"ఇదెక్కడి చోద్యం! పరీక్షకే రానివాడికి ఫస్టు ర్యాంకా?" అని చెల్లెలు పకపకా నవ్వింది.

అక్కకు నవ్వు రాలేదు. ఈ సంగతి ఆవిడకు మొదటి రోజు నుంచీ తెలుసు. నాకెందుకులే, పైవాళ్లు చూసుకుంటారులే అని ఊరుకుంది. తీరా ఇప్పుడది సొంత చెల్లెలి ఇంటిదాకా వచ్చింది.

మర్నాటి టపాలో ఆ ఎర్రచుక్క బడి కాగితం వచ్చింది. ఎప్పుడూ రెండు పేజీల నిండా ఉండేది. మూడో తరగతి పిల్ల మోకాలు గీరుకుపోతే అది కూడా రాసి పంపేవారు. ఈసారి రెండే మాటలు: 'ఏమీ లేవు.'

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండానే ఆవిడ ఆ బడికి నడిచి వెళ్లింది. వరండాలో గడ్డానికి కట్టు కట్టించుకున్న పిల్ల ఒకతి బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఈ పిల్లకి ఏమైంది మేడమ్?" అని పెద్ద టీచరమ్మను అడిగింది.

"గేటు దగ్గర రాయి కదిలిపోయిందమ్మా. పోయిన వారం దాని మీద జారి పడింది. రెండు కుట్లు."

"మరి ఏమీ లేవని రాశారే?"

పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏం చెయ్యమంటారు? ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎరుపు. ఆ ఎరుపు చూసి ముప్పై ఒక్కమంది పిల్లల్ని తీసుకుపోయారు. నిజం చెప్పినందుకు మాకు దక్కింది ఇదీ. ఇంక నా వల్ల కాదు."

రాయి సంగతి రాయకపోతే మరమ్మతు చేసేవాళ్లు రారు. ఆ మాట పెద్ద టీచరమ్మకూ తెలుసు. అందుకే లెక్కలక్క దాన్ని పైకి అనలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి, కాగితాలు పంపని బడుల జాబితా తీసింది. ముప్పై నాలుగు. అది పట్టుకుని అధికారి గదిలోకి వెళ్లింది. ఆయన ఆవిడకన్నా పదేళ్లు చిన్న.

"ఇప్పుడిదంతా ఎందుకక్కా? పచ్చ ఎక్కువుందని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా."

"ఆ పచ్చలో ముప్పై నాలుగు ఉత్త ఖాళీలు సార్. వాటికి బూడిద రంగు వేయించండి. 'వివరాలు రాలేదు' అని రాయించండి. ఎర్రచుక్క నొక్కితే ఏం జరిగిందో, తర్వాత ఏం బాగుచేశారో కనబడాలి."

"బూడిద రంగు చూస్తే జనం అడుగుతారు."

"అడగాలనే సార్."

ఆయన జాబితా మీద వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయాడు. అది ఆయన కూతురు చదివే బడి. కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "ఇది నా దగ్గర ఉంచండి" అన్నాడు చివరికి.

మూడు వారాలకు మ్యాపు మీద బూడిద చుక్కలు కనిపించాయి, ఎర్రచుక్క నొక్కితే వివరాలూ రాసాగాయి. ఇక బడుల నుంచి ఫోన్లే ఫోన్లు. మా పరువు తీశారని కొందరు ఆవిడ మీద విరుచుకుపడ్డారు. "కాగితం పంపండి సార్, రంగు దానంతటదే మారుతుంది" అని అందరికీ ఒకే జవాబు చెప్పింది. రెండు నెలల్లో బూడిద చుక్కలు తొమ్మిదికి దిగాయి. కాలవ అవతల బడి పసుపని తేలింది.

చెల్లెలు రెండు బడులకూ స్వయంగా వెళ్లి, తరగతులూ మెట్లూ చూసి, పాపను ఎర్రచుక్క బడిలోనే వేసింది. వెళ్లిపోయిన ముప్పై ఒక్కమందిలో ఆరుగురే తిరిగొచ్చారు. అయినా పెద్ద టీచరమ్మ మళ్లీ రెండు పేజీల కాగితం పంపడం మొదలుపెట్టింది. అందులో మొదటి వరుస గేటు దగ్గర రాయి గురించి. అది చేరిన నాలుగో రోజున మేస్త్రీ వచ్చి రాయి సరిచేశాడు.